తూకానికి వెయ్యకండి!

పాత ఇనుప సామాన్ల కొట్లో అన్నిటికీ ఒకటే లెక్క... ఎన్ని కిలోలు? కిటికీ ఊచైనా, వంగిపోయిన సైకిలైనా, నలభై ఏళ్లపాటు ఊళ్లోని మోటారు పంపులన్నిటినీ బతికించిన లేతు మిషనైనా... కాటా ఎక్కాక అన్నీ ఇనుమే!

కానీ తుప్పు పట్టినంత మాత్రాన లేతు పని అయిపోయినట్టు కాదు. దాని ఒళ్లంతా దళసరి పోత ఇనుము. పైన కనిపించే తుప్పు చాలాసార్లు పైపైనే ఉంటుంది. ఓపికా, కొలతల మీద కాస్త అవగాహనా ఉన్నవారి చేతిలో పడితే మళ్లీ నిక్షేపంగా తిరుగుతుంది. అందుకే దేశదేశాల్లో ఎంతోమంది ఔత్సాహికులు ఇంటి వెనక షెడ్లలో, కారు గ్యారేజీల్లో పాత లేతుల్ని బాగుచేసుకుంటూ ఉంటారు.

చిక్కల్లా తొందరతోనే. ఏళ్ల తరబడి తుప్పు చెయ్యలేని నష్టాన్ని ఒక్క పూటలో గ్రైండరు చేసేయగలదు. ఈ పనికి దిగేవారు ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. లేతుకు చేసే మార్పులు రెండు రకాలు. నచ్చకపోతే విప్పేసి మళ్లీ మొదట్లో ఉన్నట్టే పెట్టుకోగలిగేవి కొన్ని. ఒకసారి చేశాక వెనక్కి తీసుకోలేనివి మరికొన్ని. మొదటి రకం మార్పులు ఎన్నయినా చెయ్యొచ్చు. రెండో రకానికి చెయ్యి పెట్టేముందు పదిసార్లు ఆలోచించాలి.

తరిమెనకు చుట్టమే

తిరుగుతున్న వస్తువుకు ఉలి ఆనించి గుండ్రంగా చెక్కడం తెలుగువారికి కొత్తేమీ కాదు. దాన్నే తరిమెన పట్టడం అంటారు. ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసేదీ ఈ పద్ధతిలోనే. కర్ర మెత్తన కాబట్టి ఉలిని చేత్తో పట్టుకున్నా పని జరుగుతుంది. ఇనుము దగ్గర ఆ పప్పులు ఉడకవు! ఉలిని గట్టిగా బిగించి, తిన్నటి పట్టాల మీద నడిపించాలి. ఇంగ్లండుకు చెందిన హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతంలో తయారుచేసిన మరలు కోసే లేతు ఈ దారిలో పెద్ద మలుపు. ఉలిని మోసే బండి, దాన్ని నడిపించే పొడవాటి మర, వాటిని కలిపే పళ్లచక్రాలు... మూడూ ఒకే యంత్రంలో చక్కగా కుదిరాయి. ఆయన చేసిన లేతు లండన్‌లోని సైన్స్ మ్యూజియంలో ఉంది.

ఇప్పటి లేతు అమరికా దాదాపు అదే. కింద పొడవాటి బెడ్డు. ఎడమవైపు హెడ్‌స్టాకు, అందులో తిరిగే స్పిండిలు. స్పిండిలు మూతికి పనిముక్కను కరిచిపట్టే చక్. కుడివైపు టెయిల్‌స్టాకు. మధ్యలో ఉలిని మోస్తూ బెడ్డు మీద అటూ ఇటూ నడిచే క్యారేజీ. ఊరూరా కనిపించే 'లేత్ వర్క్స్' షాపుల్లో ట్రాక్టరు పిన్నుల దగ్గర్నుంచి పంపు షాఫ్టుల దాకా అన్నీ తయారయ్యేది ఈ అమరిక మీదే.

కవలల కంపెనీ

ఇళ్లలో బాగుచేసుకునేవారు బాగా ఇష్టపడే పాత లేతుల్లో సౌత్‌బెండ్ తొమ్మిదంగుళాల రకం ఒకటి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, సౌత్‌బెండ్ పట్టణంలో, జాన్ ఓబ్రయన్, మైల్స్ ఓబ్రయన్ అనే కవల సోదరులు 1906లో పెట్టిన కంపెనీ అది. లేతు నడపడం ఎలాగో నేర్పుతూ ఆ కంపెనీ వేసిన 'హౌ టు రన్ ఎ లేత్' అనే చిన్న పుస్తకం యాభైకి పైగా ముద్రణలు పొందింది. అక్కడి స్కూళ్ల వర్క్‌షాపుల్లో, చిన్న చిన్న రిపేరు షాపుల్లో ఈ లేతులు వాడుకలో ఉండేవి. ఇంగ్లండులో బాక్స్‌ఫోర్డ్, ఆస్ట్రేలియాలో హెర్కస్ కంపెనీలు ఇదే తీరులో లేతులు చేశాయి.

తొమ్మిదంగుళాలంటే యంత్రం పొడవనుకునేరు! బెడ్డుకు తగలకుండా తిరగగలిగే పనిముక్క వ్యాసం అది. ఈ లేతులో ఎ, బి, సి అని మూడు రకాలున్నాయి. 'సి'లో మర కొలత మార్చాలంటే పళ్లచక్రాలు చేత్తో మార్చుకోవాలి. ఉలిని అడ్డంగా జరపడానికీ చెయ్యే దిక్కు. 'బి'లో అడ్డంగా జరపడం యంత్రమే చూసుకుంటుంది. 'ఎ'లో దాంతోపాటు గేర్‌బాక్సు కూడా ఉంటుంది. మీట మారిస్తే చాలు, మర కొలత మారుతుంది. 'సి' దొరికినవారు గేర్‌బాక్సు, క్యారేజీ ముందుభాగం, దానికి తగిన లీడ్‌స్క్రూ సెకండ్‌హ్యాండ్‌లో సంపాదించి మెల్లమెల్లగా దాన్ని 'ఎ'గా మార్చుకుంటూ ఉంటారు.

మన వైపు ఈ సౌత్‌బెండ్‌లు అరుదు. బెంగళూరులో 1953లో మొదలైన హెచ్ఎంటీవి, హరిహర్‌లో తయారైన మైసూర్ కిర్లోస్కర్‌వి, పంజాబ్‌లోని బటాలా నుంచి, గుజరాత్‌లోని రాజ్‌కోట్ నుంచి వచ్చినవి ఎక్కువ. పేరేదైనా బాగుచేసే వరస మాత్రం ఒకటే.

ముందు కొలత... తర్వాతే రంగు

పాత లేతు ఇంటికి రాగానే చాలామంది చేసే మొదటి పని రంగు డబ్బా తేవడం. అది ఆఖర్న చెయ్యాల్సిన పని. అసలు కొనకముందే చూడాల్సినవి కొన్నున్నాయి.

* పోతలో ఎక్కడైనా పగులుందా? హెడ్‌స్టాకులో పగులుంటే ఆ లేతును వదిలేసుకోవడమే మంచిది.

* బ్యాక్‌గేర్ పళ్లు సరిగా ఉన్నాయా? వేగం తగ్గించి బలం పెంచే పళ్లచక్రాల జత అది. చక్ బిగుసుకుపోయినప్పుడు కొందరు బ్యాక్‌గేర్‌ను తగిలించి స్పిండిలు తిరక్కుండా కట్టడిచేసి, చక్‌ను సుత్తితో కొడతారు. చక్ రాకపోగా పళ్లు ఊడతాయి. పాత లేతుల్లో తరచూ కనిపించే గాయం ఇదే.

* బెడ్డు ఎంత అరిగింది? పనంతా చక్‌కు దగ్గర్లోనే జరుగుతుంది కాబట్టి అరుగుదలా అక్కడే ఎక్కువ. క్యారేజీని చక్ దగ్గర లూజు లేకుండా బిగించి, టెయిల్‌స్టాకు వైపు తోయండి. మధ్యలోనే బిగుసుకుపోతోందంటే అరుగుదల గట్టిగానే ఉన్నట్టు. అరిగిన చోటికీ అరగని చోటికీ మధ్య గోటికి గట్టులా తగులుతుందేమో కూడా చూడాలి.

* స్పిండిలు ఎంత లూజుంది? డయల్‌గేజీ ఆనించి, చక్‌లో బిగించిన కడ్డీని పైకెత్తి చూడాలి. ముల్లు కదలిక వెయ్యోవంతు అంగుళం దాటకపోతే మంచి లక్షణం. అంటే తలవెంట్రుక మందంలో సుమారు మూడోవంతు!

ఈ అంకెలన్నీ కాగితం మీద రాసుకోవాలి. పని పూర్తయ్యాక బాగుపడిందో, పాడైందో చెప్పేవి అవే. సౌత్‌బెండ్ అయితే బెడ్డుకు టెయిల్‌స్టాకు వైపు చివర సీరియల్ నంబరు కొట్టి ఉంటుంది. అది ఏ కాలంలో తయారైందో తెలుసుకోవడానికీ, సరైన విడిభాగం వెతుక్కోవడానికీ పనికొస్తుంది. దాని మీద పొరపాటున కూడా రాపిడి పెట్టకండి.

విప్పేటప్పుడు వత్తుల జాగ్రత్త

ఇక విప్పడం. ఒక్కో భాగం విప్పేముందు సెల్‌ఫోనుతో ఫొటో తియ్యాలి. ఒక భాగానికి చెందిన బోల్టులు, వాషర్లు, పల్చటి రేకులు ఒకే సంచిలో వేసి పేరు రాయాలి. రేకులు ముఖ్యంగా! బేరింగు బిగువును నిర్ణయించేవి అవే. కుడివైపువి ఎడమకు, ఎడమవైపువి కుడికి మారితే మొదటికే మోసం. ఒకవైపు సన్నగా ఉండే టేపరు పిన్నును సన్నటి వైపు నుంచే కొట్టాలి. రానిదాన్ని బాదకూడదు. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి సగం పని అదే చేసిపెడుతుంది.

సౌత్‌బెండ్ తొమ్మిదంగుళాల లేతులో అన్నిటికంటే సున్నితమైన చోటు స్పిండిలు. అందులో బాల్ బేరింగులుండవు. గట్టిపరిచిన ఉక్కు స్పిండిలు నేరుగా పోత ఇనుము రంధ్రంలోనే తిరుగుతుంది. మధ్యలో ఉండేది పల్చటి నూనె పొర ఒక్కటే. ఆ నూనెను అందించేవి ఒత్తి చేసిన ఊలు వత్తులు. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాగినట్టే, కింద గిన్నెలోని నూనెను ఇవి స్పిండిలు దాకా లాగుతాయి. వాటి అడుగున స్ప్రింగు ఉంటుంది. స్పిండిలు బయటకు లాగేముందు, తిరిగి దూర్చేముందు ఆ వత్తుల్ని కిందికి నొక్కి సన్నటి పిన్నుతో ఆపాలి. లేదంటే చిరిగిపోతాయి.

ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఊలు గట్టిపడి నూనె లాగడం మానేస్తుంది. పైనుంచి ఎంత పోసినా లాభం ఉండదు. ఆ స్థితిలో మోటారు వేస్తే ఇనుమూ ఉక్కూ ఒరుసుకుని రంధ్రమే గీరుకుపోతుంది. మార్చుకోవడానికి విడి బేరింగు లేదాయె! కాబట్టి వత్తులు కొత్తవి వెయ్యకుండా లేతును 'ఒకసారి తిప్పి చూద్దాం' అనుకోవడం చాలా ఖరీదైన ముచ్చట.

నూనె కూడా ఏది పడితే అది పనికిరాదు. ఈ స్పిండిలుకు ఐఎస్ఓ 22 రకం పల్చటి స్పిండిలు నూనె, బెడ్డుకు ఐఎస్ఓ 68 రకం చిక్కటి నూనె వాడుతుంటారు. గ్రీజు పెడితే వత్తుల దారి మూసుకుపోతుంది. బాల్ బేరింగులు, రోలరు బేరింగులు, ఇత్తడి బుష్‌లు ఉన్న వేరే లేతులకు వాటి తయారీదారు చెప్పిన నూనే వాడాలి.

తుప్పు వదిలించే సోడా

చిన్న చిన్న పోత భాగాలకు, పిడులకు పట్టిన తుప్పు వదిలించడానికి ఇంట్లోనే ఒక ఉపాయం ఉంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలపాలి. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు నెగెటివ్ తీగను తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ తీగను పనికిరాని ఇనుప ముక్కకు తగిలించాలి. రెండూ ఒకదానికొకటి తాకకూడదు. కొన్ని గంటల్లో తుప్పు వదులై బ్రష్షుతో రుద్దితే వచ్చేస్తుంది. మంచి లోహం చెక్కుచెదరదు.

తీగలు అటూ ఇటూ అయితే మాత్రం కరిగేది మన భాగమే! పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం నీళ్లలో చేరుతుంది. ఈ పని చేస్తున్నప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది కాబట్టి ఆరుబయట, నిప్పుకు దూరంగానే చెయ్యాలి. తీగలు కదిపేముందు చార్జరు ఆపాలి. గట్టిపరిచిన ఉక్కు భాగాలను, స్ప్రింగులను ఇందులో వెయ్యకూడదు. అవి పెళుసెక్కే ప్రమాదం ఉంది.

పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము గాల్లో కలిసి పిల్లల ఒంట్లోకి చేరుతుంది. రంగు తొలగించే ద్రావకం పూసి, తడిగా ఉండగానే గీకాలి. ఆ చెత్తను మూటకట్టి పిల్లలకు అందకుండా పారెయ్యాలి. పని బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతక్కూడదు.

ఇక బెడ్డు. వెనక్కి తీసుకోలేని పనులన్నిటిలోకీ పెద్దది ఇక్కడే జరుగుతుంది. అద్దంలా మెరిపించాలన్న ఉబలాటంతో కొందరు గ్రైండరో, గరుకు కాగితమో పట్టుకుంటారు. బెడ్డు మెరుస్తుంది నిజమే... దాని తిన్నదనం పోతుంది! క్యారేజీ కింద కనిపించే చిన్న చిన్న గీతలు, మచ్చలు కూడా లోపాలు కావు. ఎక్కడ ఎత్తుందో నీలిరంగు పూసి చూసి పనివాడు చేత్తో గీకిన గుర్తులవి. నూనెను పట్టి ఉంచేదీ ఆ గుంటలే. బ్లేడును ఏటవాలుగా పడుకోబెట్టి పైపై మడ్డి గీకి, నూనెలో తడిపిన సన్నటి స్టీలు ఊలుతో తుడిస్తే సరిపోతుంది. నల్లటి మచ్చలు మిగిలినా పనికి అడ్డం కావు.

కొత్త హంగులు... కొత్త జాగ్రత్తలు

శుభ్రమయ్యాక అందరి చూపూ హంగుల మీదికి మళ్లుతుంది. చిటికెలో ఉలి మార్చుకునే క్విక్‌చేంజ్ టూల్‌పోస్టు అందులో మొదటిది. పాతది తీసి దీన్ని బిగించడం అంతే. నచ్చకపోతే మళ్లీ పాతది పెట్టుకోవచ్చు. తోలు బెల్టుకు బదులు కారు ఇంజన్లలో వాడే చారల బెల్టును కొలతకు కోసి, చివరలు ఏటవాలుగా చెక్కి జిగురుతో అతికించేవారున్నారు. దీనికి స్పిండిలు విప్పనక్కర్లేదు.

ఉలి ఎంత జరిగిందో అంకెల్లో చూపించే డిజిటల్ స్కేలు మరో హంగు. పాత లేతుల్లో అడ్డంగా జరిపే మర, దాని నట్టు అరిగి ఉంటాయి. పిడి తిప్పినా కాసేపు ఉలి కదలదు. స్కేలు ఉంటే ఉలి నిజంగా ఎక్కడుందో తెలుస్తుంది. అయితే దాన్ని బిగించడానికి క్యారేజీకి రంధ్రాలు కొట్టేముందు ఆగండి. క్లాంపుతోనో, పాత బోల్టు రంధ్రాలతోనో పని జరుగుతుందేమో చూడండి. స్కేలు రెండేళ్లకు పాడవ్వొచ్చు. రంధ్రం శాశ్వతం.

అన్నిటికంటే పెద్ద మార్పు మోటారుది. వర్క్‌షాపు లేతుకు సాధారణంగా 415 వోల్టుల త్రీఫేజ్ మోటారు ఉంటుంది. ఇంట్లో ఉండేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్. మధ్యలో వీఎఫ్‌డీ అనే పెట్టె పెడితే అది సింగిల్ ఫేజ్ తీసుకుని 230 వోల్టుల త్రీఫేజ్ ఇస్తుంది. బటన్ తిప్పి వేగం మార్చుకోవచ్చు. అయితే మోటారు లోపలి కనెక్షను 'స్టార్' నుంచి 'డెల్టా'కు మార్చాల్సి రావొచ్చు. మోటారు నేమ్‌ప్లేటు మీద 230/415 అని ఉండి, ఆరు తీగలూ బయటకు వచ్చి ఉంటేనే అది సులువు. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. ఎర్తింగు తప్పనిసరి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. సౌత్‌బెండ్ చక్‌కు బోల్టులుండవు. సీసాకు మూతలా మర మీద బిగుస్తుంది. ముందుకు తిరిగినంతసేపూ భయం లేదు. వీఎఫ్‌డీ వచ్చాక వెనక్కి తిప్పడం ఒక్క మీట పని అయిపోయింది. బటన్ నొక్కగానే చటుక్కున ఆగేలా కూడా పెట్టుకోవచ్చు. వెనక్కి తిప్పి గట్టిగా కోసినా, జోరుమీదున్న స్పిండిలును ఒక్కసారిగా ఆపినా ఆ మర విడిపోయి, బరువైన చక్ తిరుగుతూనే ఊడి మీదికి రావొచ్చు! పాత మోటారు మెల్లగా ఆగేది కాబట్టి ఆ లేతు చేసినవారికి ఈ బెడద లేదు. అందుకే మరతో బిగిసే చక్ ఉన్న లేతుకు వీఎఫ్‌డీ పెడితే ఆగే సమయం ఎక్కువగా ఉంచాలి, వెనక్కి తిప్పి కొయ్యడం మానాలి.

వేగం సంగతీ అంతే. బటన్ ఉంది కదా అని అసలు లేతు పరిమితిని దాటిస్తే నూనె పొర మీద తిరిగే స్పిండిలు వేడెక్కి పట్టేస్తుంది. మరీ నెమ్మదిగా తిప్పాలంటే బటన్ కంటే బ్యాక్‌గేరే మేలు. వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య పాత స్విచ్చి ఉంచి, నడుస్తుండగా దాన్ని తిప్పితే పెట్టె మాడిపోవచ్చు. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు లేతు దానంతటదే తిరగకుండా కూడా సెట్ చేసుకోవాలి. చక్ తాళం దానికే వదిలేసి, కరెంటు పోయింది కదా అని లోపలికెళ్లిన మనిషి తిరిగొచ్చేసరికి ఏం జరుగుతుందో ఊహించుకోండి!

ఆఖరి పరీక్ష

రెండు వందల కిలోలకు అటూ ఇటూ ఉండే ఈ లేతు చూడ్డానికి బండరాయిలా ఉంటుంది. కానీ ఎగుడుదిగుడు బల్ల మీద బిగిస్తే దాని బెడ్డు కూడా మెలితిరుగుతుంది. అందుకే గట్టి బల్ల మీద, లెవెల్ చూసి బిగించాలి. తర్వాత అంగుళం లావు కడ్డీని చక్‌లో బిగించి, నాలుగైదు అంగుళాలు బయటకు వదిలి, టెయిల్‌స్టాకు ఆనించకుండా రెండు చివర్లా పల్చగా కొయ్యాలి. మైక్రోమీటరుతో రెండు చోట్లా కొలవాలి. తేడా వస్తే టెయిల్‌స్టాకు వైపు కాళ్ల కింద పల్చటి రేకులు మార్చి మార్చి మళ్లీ కోసి చూడాలి. విసుగు పుట్టించే పనే. కానీ కొత్త రంగు ఇవ్వలేని ఫలితం ఈ ఒక్క పూట ఓపిక ఇస్తుంది.

నడిపేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలి. చేతులకు గ్లౌజులు, వేలాడే బట్టలు, విరబోసిన జుట్టు... మూడూ వద్దు. తిరిగే చక్ దేన్నయినా క్షణంలో చుట్టేసుకుంటుంది. షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి పిల్లలకు అందని చోట ఉంచాలి.

ఇక విప్పిన పాత టూల్‌పోస్టు, పాత మోటారు, పాత స్విచ్చి... వీటిని మాత్రం పారెయ్యకండి. నూనె రాసి, పేర్లు రాసి ఒక పెట్టెలో పెట్టండి. కొలతలు రాసుకున్న కాగితం కూడా అందులోనే. రేపు ఆ లేతు ఎవరి చేతికెళ్లినా ఏది అసలుదో, ఏది తర్వాత తగిలించిందో వారికి ఇట్టే తెలుస్తుంది. అలాంటి లేతును తూకానికి వెయ్యాలని ఎవరికీ అనిపించదు.